గుంత సంగతి ముందు తేల్చండి

తెలంగాణ అటవీశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ



వానాకాలం వచ్చిందంటే మీ శాఖ నుంచి రెండు అంకెలు పత్రికలకు అందుతాయి. నర్సరీల్లో ఎన్ని మొక్కలు పెంచారన్నది ఒకటి, ఎన్ని నాటారన్నది రెండోది. ఎన్ని బతికాయన్న మూడో అంకె కొంత ఆలస్యంగా, కొంత మొహమాటంగా బయటికొస్తుంది. ఇంకో లెక్క కూడా ఉండాలి. ఏ నేలలో, ఎంత లోతు గుంతలో, ఏ నెలలో తీసిన గుంతలో పెట్టినవి బతికాయి, ఎలాంటి గుంతలో పెట్టినవి ఎండిపోయాయి అన్న లెక్క. దాన్ని అడగడానికే ఈ ఉత్తరం.

2015 జులై 3న చిలుకూరులో హరితహారం పథకం మొదలైనప్పుడు రాష్ట్రం పెట్టుకున్న లక్ష్యం 230 కోట్ల మొక్కలు. 24 శాతంగా ఉన్న పచ్చదనాన్ని 33 శాతానికి చేర్చాలనుకున్నాం. 2018 పంచాయతీరాజ్ చట్టం ఇంకాస్త ముందుకెళ్లి, నాటినవాటిలో 85 శాతం బతకాలని, లేకపోతే సర్పంచి, కార్యదర్శి జవాబు చెప్పుకోవాలని, పదవికే ఎసరు రావచ్చని రాసింది. ప్రభుత్వం మారింది, పథకం పేరు వన మహోత్సవంగా మారింది, నాటడం మాత్రం ఆగలేదు. మొక్క బతుకును చట్టంలోకి ఎక్కించడం చిన్న విషయం కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. అయితే ఆ చట్టం మొక్క గురించి అడిగిందే గానీ దాని కింది మట్టి గురించి అడగలేదు. గుంత తీసిన రోజే సగం తేలిపోయిన ఫలితానికి ఏడాది తర్వాత సర్పంచిని నిలదీస్తున్నాం.

నాటిన మొక్కకూ కింది నేలకూ ఉన్న లంకె గురించి లోకంలో బాగా తలలు బద్దలు కొట్టుకున్నది పైన్ చెట్లు పెంచేవాళ్లు. అరకు వెళ్లినప్పుడు మనవాళ్లు కింద నిలబడి ఫొటోలు దిగే సూదాకుల చెట్టే అది. మన మైదానాలకు పనికొచ్చే జాతి కాదు, తెచ్చి నాటమని అడగడమూ లేదు. దాన్ని నాటేవాళ్లు ఏ తప్పులు చేసి, ఏం నేర్చుకుని ఇవాళ్టి పద్ధతికి వచ్చారో మీ శాఖ చూడాలని నా కోరిక.

స్వీడన్‌లో అడవి నరికినవాడు తిరిగి అడవిని లేపి తీరాలన్న చట్టం 1903 నుంచీ ఉంది. అక్కడ ఏటా నాటే మొక్కలు సుమారు 40 కోట్లు, ఎక్కువగా పైన్, స్ప్రూస్. నరికిన చోట ఊరికే మొక్క పెట్టి వచ్చేయడం అరుదు. చాలాచోట్ల ముందు యంత్రం వెళ్లి నేలను తిరగేస్తుంది. ఆ అడవుల్లో నేల మీద కుళ్లీ కుళ్లని ఆకులు, నాచు కలిసిన పొర మందంగా పేరుకుని ఉంటుంది. అది ఎండ వేడిని కిందికి దిగనివ్వదు. పైన ఎండ కాస్తున్నా వేరు ఉన్న చోట మట్టి చల్లగానే ఉంటుంది. చల్లటి మట్టిలో కొత్తగా నాటిన మొక్క వేరు సాగదు, నీటిని సరిగ్గా పీల్చలేదు. సూదాకులు మాత్రం ఎండకు నీటిని వదులుతూనే ఉంటాయి. అలా తడి మట్టిలో నిలబడి మొక్క దాహంతో చచ్చిపోతుంది. కాలువ పక్కన నాటిన మొక్క ఎందుకు ఎండిందని ఆశ్చర్యపోయే మన గ్రామ కార్యదర్శులకు ఈ సంగతి తెలియాలి. నీళ్లు ఉండటం వేరు, వేరుకు అందడం వేరు.

రెండో బెడద ఒక పురుగు. పైన్ వీవిల్ అని పిలిచే ముక్కు పురుగు అది. తాజాగా నరికిన మొద్దుల వాసన పట్టి దూరం నుంచి ఎగిరొస్తుంది, ఆ మొద్దుల వేళ్లలో గుడ్లు పెడుతుంది, తిండికి మాత్రం కొత్తగా నాటిన చిన్న మొక్కల మీద పడుతుంది. కాండం మొదట్లో లేత బెరడును చుట్టూ కొరికేస్తే మొక్క పని అయిపోయినట్టే. ఏ రక్షణా లేకుండా వదిలేస్తే మొదటి రెండు మూడేళ్లలో తోటలో సగానికి పైగా పోయే చోట్లున్నాయి. చాలాకాలం పురుగుమందుతోనే నెట్టుకొచ్చారు. ఆ మందులు ఒక్కొక్కటే పక్కకు పోతుంటే ఇప్పుడు కాండానికి జిగురూ సన్న ఇసుకా కలిపిన పూత పూస్తున్నారు. దీనిలో మట్టికి సంబంధించిన విషయం ఒకటుంది. మొక్క చుట్టూ పది పదిహేను సెంటీమీటర్ల మేర ఆకుల పొరంతా తీసేసి ఉత్త మట్టి కనిపించేలా ఉంచితే పురుగు కాటు బాగా తగ్గుతుంది. నగ్నంగా ఉన్న మట్టి మీద ఆ పురుగు నిలవదు, దాటుకుని వెళ్లిపోతుంది. అదే మట్టి మీద ఆకులూ చెత్తా రాలి, గడ్డి మళ్లీ కమ్ముకున్నాక ఆ రక్షణ పోతుంది. అంటే నేల తయారీకి కూడా ఒక గడువు ఉంటుంది. యంత్రం తిరిగిన వెంటనే నాటిన మొక్కకు దొరికే మేలు, రెండేళ్లు ఆగి నాటినదానికి దొరకదు.

నేలను తిరగేసే పద్ధతులూ ఒకటి కాదు. పళ్ల చక్రాలు లాగుతూ బారుగా చాళ్లు తీసేది ఒకటి. తవ్విన మట్టిని అక్కడక్కడ బోర్లించి, ఆకుల పొర కిందికి పోయి ఖనిజ మట్టి పైకి వచ్చేలా దిబ్బలు పోసేది ఇంకొకటి. గడ్డను తిరగేసి మళ్లీ అదే గోతిలో నొక్కి, నేలమట్టానికే ఉంచేది మూడోది. దిబ్బ మీద నాటితే మట్టి త్వరగా వెచ్చబడుతుంది, నీరు నిలవదు, లోపల రెండు పొరలుగా పడ్డ ఆకుల చెత్త కుళ్లుతూ మొక్కకు బలాన్నిస్తుంది. అయితే ఆ దిబ్బే ఇసుక నేలలో మృత్యువు. దిబ్బకూ కింది నేలకూ మధ్య తడి లంకె తెగి, ఒక్క వేసవి వాన తప్పితే చాలు, మొక్క మాడిపోతుంది. అందుకే దిబ్బ మీద పెట్టినా వేరు దిబ్బను దాటి కింది నేలను తాకేలా లోతుగా నాటమంటారు. బంక ఒండ్రు నేలల్లో ఇంకో చిక్కు. మట్టిని మరీ నగ్నంగా వదిలేస్తే శీతాకాలంలో గడ్డకట్టిన నీరు ఉబ్బి మొక్కను వేళ్లతో సహా పైకి నెట్టేస్తుంది.

నన్ను బాగా ఆకట్టుకున్నది చాలు దగ్గర వాళ్లు పట్టించుకునే తేడా. ఒకే యంత్రం, ఒకే చాలు. అందులో మొక్కను చాలు గట్టు మీద పెట్టాలా, గట్టుకూ చాలుకూ మధ్య అంచులో పెట్టాలా, అడుగున పెట్టాలా అన్నది నేలను బట్టి నాటేవాడు అక్కడికక్కడ తేల్చుకోవాలి. చెమ్మ నేలైతే గట్టు, పొడి నేలైతే కిందికి. జానెడు దూరంలో బతుకూ చావూ మారిపోతాయి. ఆ నిర్ణయం తీసుకునేది కూలికి నాటే కుర్రవాడే. కాకపోతే వాడికి ఆ తేడా నేర్పి పంపుతారు, ఆ తర్వాత వెనకాలే మరొకరు వచ్చి చూస్తారు.

ఇదంతా చెప్పాను కాబట్టి స్వీడన్ అంతా స్వర్గమని అనుకోకండి. ఉత్తరాన సామీ జాతివాళ్లు రెయిన్‌డీర్ మందలు మేపుకుంటారు. పైన్ అడవుల నేల మీద పెరిగే లైకెన్ ఆ మందలకు చలికాలపు మేత. యంత్రం చాళ్లు తీసిన చోట ఆ మేత నాశనమవుతుంది, తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది. అటవీ కంపెనీలకూ సామీలకూ మధ్య ఆ గొడవ ఇంకా తెగలేదు. గుట్ట మీద కందకాలు తవ్వగానే ఊళ్లో గొర్లకాపరులకు దారీ మేతా పోవడం మనకూ తెలిసిందే. నేలను సిద్ధం చేయడమంటే ఎవరిదో ఒకరి నేలను కెలకడమే. అందుకే ఎంత కెలకాలి అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడూ "వీలైనంత తక్కువ" నుంచి మొదలవ్వాలి.

మొదటి రెండేళ్ల లెక్కే సర్వస్వం అనుకుంటే ఏమవుతుందో స్కాట్లాండ్ చూపించింది. ఉత్తరాన కైత్‌నెస్, సదర్‌లాండ్ ప్రాంతంలో ఫ్లో కంట్రీ అనే విశాలమైన పీట్ బురదనేల ఉంది. 1970లు, 80లలో పన్ను రాయితీల ఆశతో డబ్బున్నవాళ్లు అక్కడ లాడ్జ్‌పోల్ పైన్, సిట్కా స్ప్రూస్ పెట్టించారు. పెద్ద నాగళ్లతో బురదను లోతుగా చీల్చి, తిరగబడిన గట్ల మీద మొక్కలు నాటారు. బురదలో మునగకుండా గట్టు మీద నిలిచిన మొక్కలు చక్కగా బతికాయి. మన లెక్కలో చెప్పాలంటే సర్పంచి పదవికి ఢోకా లేదు. అయితే వేళ్లు గట్టు పొడవునా రెండువైపులే పాకాయి, లోతైన చాళ్లను దాటి పక్కలకు వెళ్లలేకపోయాయి. ఇలాంటి దున్నిన తడినేలల్లో చెట్లు ఎత్తు పెరిగాక గాలికి పక్కకు ఒరిగిపోతాయి. 1976లో సదర్‌లాండ్‌లో పైన్ బ్యూటీ అనే చిమ్మటపురుగు లాడ్జ్‌పోల్ తోటల మీద పడి ఆకంతా తినేసింది. 1988 బడ్జెట్‌లో ఆ పన్ను రాయితీ ఎత్తేశారు. ఇప్పుడు అదే చోట చెట్లు నరికి, తవ్విన కాలువలు పూడ్చి, బురదను బురదగా నిలబెడుతున్నారు. 2024లో ఫ్లో కంట్రీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, చేరింది బురదనేలగానే. నేల తయారీ ఎంత బాగున్నా, నాటకూడని చోట నాటితే దాని ఫలితం అంతే. మన దగ్గరా గడ్డినేలలను ఖాళీ జాగా అనుకుని గుంతలు తీసే అలవాటుంది. ఆ జాబితా మీ శాఖ విడిగా రాసుకోవాలి.

ఎండ దేశంలో ఏం జరిగిందో చూడాలంటే స్పెయిన్ ఆగ్నేయం మనకు ఇంకా దగ్గర. 1970లలో అక్కడ కొండవాలులను బుల్‌డోజర్లతో మెట్లుగా కోసి అలెప్పో పైన్ నాటారు. దూరం నుంచి చూస్తే ఆ మెట్ల వరసలు ముచ్చటగానే ఉంటాయి. కోయడంలో పైమట్టి కిందికి పోయి, ఏ సత్తువా లేని సుద్దమట్టి బయటపడింది. వానకు మెట్ల అంచులు తెగి కోత ఇంకా పెరిగింది. మొక్కలు బతికిన చోట కూడా ఎదుగుదల లేదు. తర్వాతి తరం అధికారులు దారి మార్చారు. వాలంతా కెలకకుండా మొక్క ఉన్న చోట మాత్రమే గుంత తీయడం, ఎగువన పడ్డ వాన ఆ గుంతలోకి చేరేలా రెండు చిన్న గట్లు వంపుగా వేయడం, ఉన్న పొదలను పీకకుండా వాటి నీడను వాడుకోవడం నేర్చుకున్నారు. మన గుట్టల మీద జేసీబీ ఎక్కించే ముందు ఎవరైనా ఈ కథ చదివితే బాగుండు.

అమెరికా దక్షిణాదిలో గట్టిపడిన నేలల్లో లాబ్లోలీ పైన్ నాటేవాళ్లు ముందు బలమైన ఉక్కు కొక్కెంతో నేలను లోతుగా చీలుస్తారు. చీల్చిన వారానికే నాటరు. వేసవి చివర చీల్చి, వానలకు మట్టి దిగబడే దాకా ఆగి, చలికాలంలో నాటుతారు. అదీ చీలికలో కాదు, దాని పక్కన. చీలికలో గాలి ఖాళీలు ఉంటే వేరు ఆ ఖాళీలో ఎండిపోతుంది. ఇంత చిన్న విషయానికి కొన్ని నెలల ఓపిక.

ఇప్పుడు మన సంగతి. ఉపాధి పనుల్లో సాధారణంగా కనిపించే గుంత 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు. ఊరి లెక్కలో మూరెడు. చెల్క నేలకూ అదే, రేగడికీ అదే, మొరం గుట్టకూ అదే. మే నెలలో మొరం మీద గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేస్తాయి. కూలి గుంతకింత అన్నప్పుడు ఆ గుంత పైన మూరెడు ఉంటుంది, అడుగున జానెడు. కొలిచేవాళ్లు పైన టేపు పెట్టి కొలుస్తారు. తవ్వినవాళ్లను తప్పుపట్టలేం, ఆ రాతికీ చెల్కకూ ఒకే రేటు కట్టినవాళ్లను అడగాలి. అలాంటి గుంత వేరుకు పూలకుండీ. జులైలో చిగురు వేస్తుంది, దసరాకు నిగనిగలాడుతుంది, ఫొటో దిగుతుంది. సంక్రాంతి తర్వాత వేరు గోడకు తగిలి ఆగిపోతుంది, మార్చి ఎండకు ఆకు వాలుతుంది. అప్పుడు ట్యాంకరు మీద నీళ్లు పోయించి, ఆ ఖర్చును సంరక్షణ పద్దులో రాస్తాం. అక్కడ గడ్డపారతో ఇంకో రెండడుగులు అడుగు పగలగొట్టి ఉంటే ఆ ట్యాంకరు ఖర్చు చాలావరకు మిగిలేది.

రేగడి సంగతి దీనికి పూర్తిగా ఎదురు. ఆదిలాబాద్ నల్లమట్టిలో మూరెడు గుంత వానాకాలంలో నీళ్ల తొట్టి అవుతుంది, వేరుకు ఊపిరాడదు. ఎండాకాలం వచ్చేసరికి నేల నెర్రెలిచ్చి, ఆ నెర్రెల్లోంచి గాలి వేరును తాకి ఎండబెడుతుంది. పైగా ట్రాక్టరుకు బిగించిన డ్రిల్లుతో తడి రేగడిలో గుంత తీస్తే గోడ అద్దంలా నునుపెక్కుతుంది, వేరు ఆ గోడను చీల్చుకుని బయటికి పోలేక లోపలే చుట్టుకుంటుంది. అక్కడ కావాల్సింది గుంత కాదు, ఎత్తైన కట్ట. చలి దేశంలో చెమ్మ నేలకు కనిపెట్టిన దిబ్బ పద్ధతి మన నల్లరేగడికి పనికొస్తుంది, ఇసుక దుబ్బకు పనికిరాదు. వాతావరణాలు వేరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఈ నేలలో వేరుకు అడ్డం ఏది? నీరా, రాయా, చలా, ఉప్పా?

ఉప్పు అన్నాను కాబట్టి చౌడు నేలల మాట కూడా. హర్యానాలోని కర్నాల్‌లో 1969 నుంచి ఉన్న కేంద్ర చౌడు నేలల పరిశోధన సంస్థ దీనికి మన దేశంలోనే జవాబు కనిపెట్టింది. చౌడు కింద సున్నపు గుళ్లు గట్టిపడిన పొర ఉంటుంది. ఆ పొరను దాటి కిందికి దిగేలా సన్నగా, లోతుగా బొక్క తీసి, జిప్సం, పశువుల ఎరువు కలిపిన మట్టి నింపి నాటే పద్ధతి వాళ్లది. గుంత వెడల్పు కాదు, పొరను దాటడమే ముఖ్యం. సాగుకు పనికిరావనుకున్న నేలల్లో అలా చెట్లు లేపారు.

ఇంత దూరాలు పోవడం ఎందుకని మీ అధికారులు అడిగితే, మామిడి రైతును చూడమనండి. మామిడి పెట్టేవాడు మే ఎండలోనే గజం లోతు గుంత తీస్తాడు. పైమట్టిని ఒక పక్క, అడుగు మట్టిని ఇంకో పక్క పోస్తాడు. గుంతను ఎండకు వదిలేస్తాడు, లోపలి పురుగూ గుడ్లూ మాడతాయి. తర్వాత బాగా మాగిన పశువుల ఎరువు పైమట్టితో కలిపి నింపుతాడు. పచ్చి పేడ వేయడు, వేస్తే చెదలు వస్తాయని తెలుసు. తొలివానకు మట్టి దిగబడేదాకా ఆగి అప్పుడు నాటుతాడు. అదే రైతు పథకం కింద ఇంటి ముందు ఇచ్చిన మొక్కను పారతో నాలుగు పోట్లు పొడిచి పెట్టేస్తాడు. ఆ మొక్క ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు ఆ పోట్లలోనే ఉంది.

నర్సరీ కవరు గురించి ఒక్క ముక్క. 1970లలో స్వీడన్‌లో కాగితపు కుండీల్లో పెంచిన పైన్ మొక్కల వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి, నాటిన ఎన్నో ఏళ్లకు చెట్లు నిలదొక్కుకోలేక ఒరిగిపోయాయి. ఆ తర్వాత కుండీల ఆకారమే మార్చారు. మన పాలిథిన్ కవరులో రెండేళ్లు నిలవ ఉన్న మొక్క వేళ్లు కూడా అలాగే చుట్టుకుంటాయి. దానికి ఎంత మంచి గుంత తీసినా ఉపయోగం తక్కువ.

ఇక నేను అడిగేవి. నర్సరీ గేటు దాటేముందు మొక్కకు ఒక షరతు పెట్టండి. గుంత సిద్ధమైందని, అడుగుదాకా గడ్డపార దించి చూశామని కార్యదర్శి సంతకం పెట్టాకే మొక్క బయలుదేరాలి. ఆ గుంత ఎండాకాలంలో తీసిందై ఉండాలి. వన మహోత్సవం రోజు ఉదయం తీసింది కాకూడదు. రేటు గుంతల సంఖ్యను బట్టి కాకుండా నేలను బట్టి కట్టండి. మొరంలో లోతుకు తగినంత, రేగడిలో కట్టకు తగినంత. పంచాయతీకి ఒక కాగితం, దాని మీద నేల పేరు, గుంత రకం, తీసిన నెల. ఇంతే చాలు, దీనికి కొత్త యాప్ అక్కర్లేదు.

రెండోది కాస్త కష్టమైనది. ప్రతి మండలంలో ఒకచోట, ఒకే నేలలో, ఒకే జాతి మొక్కలను రెండు మూడు రకాల గుంతల్లో పక్కపక్కనే నాటించండి. ఆ మొక్కలకు 85 శాతం నిబంధన వర్తించదని రాతపూర్వకంగా చెప్పండి. ఇది లేకపోతే ఏ సర్పంచీ నిజం చెప్పడు. చచ్చిన చోట కొత్తది పెట్టి లెక్క సరిచేయడం ఎవరికైనా తోచే దారే, పదవి పోతుందన్నప్పుడు ఇంకా త్వరగా తోస్తుంది. అక్కడ చచ్చిన మొక్కను పీకకుండా, చోటు మార్చకుండా అలాగే ఉంచాలి, రెండో ఎండాకాలం దాటాక బతికినవాటితో పాటు దాన్నీ లెక్కపెట్టాలి. ఎండిన మొక్కల్లో కొన్నింటిని తవ్వి తీసి, వేరు ఎక్కడ ఆగిందో చూడాలి. అటవీ బీటు అధికారికి అది ఒక పూట పని. ఆ వేరు చెప్పేది ఏ నివేదికా చెప్పదు.

ఫలితాలు జిల్లాల వారీగా తెలుగులో అచ్చువేసి పంచాయతీ గోడ మీద అతికించండి. ఏ నేలకు ఏ గుంత అన్నది ఊళ్లోవాళ్లే చదువుకుంటారు, చర్చించుకుంటారు, మీ కాగితంలో తప్పుంటే అదీ చెబుతారు. ఆ లెక్క చేతికి రావడానికి రెండేళ్లు పడుతుంది. ఈలోగా ఎన్ని కోట్లు నాటామన్న ప్రకటన ఒకటి రెండు వానాకాలాలు రాకపోయినా మాలో ఎవరికీ బెంగ లేదు.

ఇట్లు,
మీ శాఖ ప్రకటనలు శ్రద్ధగా చదివే ఒక పౌరుడు